మొదటి కొరియన్ లవ్ డ్రామా ఏది చూడాలి? ఐదింటి బలాలు, లోపాలు పక్కపక్కన

పోయినేడాది మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, కొరియన్ లవ్ డ్రామా ఒకటి చెప్పవా, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అంది. నేను క్షణం ఆలోచించకుండా 'క్వీన్ ఆఫ్ టియర్స్' పేరు చెప్పేశాను. అప్పటికి వాళ్ళ అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు, ఇంటిల్లిపాదీ రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నారు. ఆ డ్రామాలో మొదట్లోనే హీరోయిన్‌కి ఇంక మూడు నెలలే అని తెలుస్తుంది. మర్నాడు పొద్దున్నే మెసేజ్ వచ్చింది: "ఇది నావల్ల కాదక్కా."

డ్రామా మంచిదే. ఆ రోజుల్లో ఆ పిల్ల చూడదగ్గది కాదు, అంతే. అప్పట్నుంచి ఎవరడిగినా ముందు రెండు మూడు ప్రశ్నలు వేసి గానీ పేరు చెప్పడం లేదు. ఆ ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. పేరున్న కొరియన్ ప్రేమ డ్రామాల్లో బలాలు చాలావరకు ఒకటే. చక్కటి ఫొటోగ్రఫీ, వెంటాడే పాటలు, కనురెప్ప కదిపి మాట చెప్పగల నటులు దాదాపు అన్నిటిలోనూ ఉంటారు. అందుకే బలాలు చూసి ఎంచుకుందామంటే ఎటూ తేలదు. తేడా లోపాల దగ్గర తెలుస్తుంది. పదహారు ఎపిసోడ్లంటే దగ్గర దగ్గర ఇరవై గంటలు. అంతసేపు ఏ లోపాన్ని మీరు ఓర్చుకోగలరు, ఏది మీ ఓపిక తినేస్తుంది? అది తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

## ముందు ఏం చూసుకోవాలి

జంటకి అడ్డేమిటి? ఇద్దరూ ఇష్టపడి, ఆ మాట చెప్పేసుకుంటే కథ మూడో ఎపిసోడ్‌లోనే అయిపోతుంది. మిగతా పదమూడు ఎపిసోడ్లు నడిపించేది అడ్డే. అది సరిహద్దులా బయట ఉందా, పాత గాయంలా మనిషి లోపల ఉందా, ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమా? మూడో రకమైతే నాకు చిరాకు. కొందరికి అదే సరదా.

చివరి నాలుగు ఎపిసోడ్లు ఎలా ఉన్నాయి? ఈ డ్రామాలకు జబ్బు చేసేది అక్కడే. పన్నెండో ఎపిసోడ్ దాకా చక్కగా నడిచిన కథలోకి ఉన్నట్టుండి కిడ్నాపు, యాక్సిడెంటు, జ్ఞాపకం పోవడం, ఎవరో ఒకరు విదేశం వెళ్ళిపోవడం వచ్చి పడతాయి.

చుట్టూ ఉన్న మనుషులు ఎలాంటివాళ్ళు? ప్రేమజంట తెరమీద లేనప్పుడు కూడా మీరు ఫోన్ తీయకుండా కూర్చోగలిగితే అది మంచి డ్రామా.

ఎవరితో కలిసి చూస్తారు? అమ్మతోనా, కాలేజీ పిల్లలతోనా, అందరూ పడుకున్నాక ఒక్కరేనా? ఈ ఐదింటిలో హద్దు మీరిన సీన్లు పెద్దగా లేవు. ముద్దులుంటాయి, తాగడం చాలా ఉంటుంది. పెద్దవాళ్ళకి ఇబ్బందిగా ఉండేది అంతకన్నా ఎక్కువగా జబ్బు, చావు గురించిన సీన్లే.

| డ్రామా | వచ్చిన ఏడాది | ఎపిసోడ్లు | జంటకి అడ్డు | పెద్ద బలం | ఓర్చుకోవాల్సింది |
|---|---|---|---|---|---|
| క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ | 2019-20 | 16 | దేశ సరిహద్దు | ఊరి జీవితం, పక్క పాత్రలు | కాకతాళీయాలు, సియోల్ భాగంలో విలన్ గొడవ |
| క్వీన్ ఆఫ్ టియర్స్ | 2024 | 16 | చల్లారిపోయిన పెళ్ళి, జబ్బు | భార్యాభర్తల కథ, నటన | చివర్లో మలుపు మీద మలుపు |
| హోమ్‌టౌన్ చా చా చా | 2021 | 16 | లోపలి గాయం | సముద్రపు ఊరు, ముసలమ్మలు | నెమ్మది, చివర్లో బరువు |
| బిజినెస్ ప్రపోజల్ | 2022 | 12 | అబద్ధం, హోదా | నవ్వు, వేగం | పలచటి కథ |
| ట్వంటీఫైవ్ ట్వంటీవన్ | 2022 | 16 | కాలం, ఉద్యోగం | స్నేహం, 1998 నాటి వాతావరణం | ముగింపు |

## క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ

ఎక్కువమందికి నేను చెప్పే పేరు ఇదే. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

యూన్ సే రి సియోల్‌లో ఓ కోటీశ్వరుడి కూతురు, సొంత కంపెనీ నడుపుతున్న మనిషి. పారాగ్లైడింగ్ చేస్తుంటే సుడిగాలి ఎత్తుకెళ్ళి ఉత్తర కొరియా వైపు ఓ చెట్టు మీద పడేస్తుంది. కింద తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడు సైనికాధికారి రీ జంగ్ హ్యోక్. సే రిగా సోన్ యే జిన్, జంగ్ హ్యోక్‌గా హ్యూన్ బిన్ చేశారు. (ఇద్దరూ 2022లో నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. అది తెలిసి రెండోసారి చూస్తే కొన్ని చూపులు వేరేగా కనబడతాయి.)

ఇందులో అడ్డు కోసం రచయిత్రి పార్క్ జి యున్ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. 1953లో యుద్ధ విరమణ జరిగినప్పటి నుంచి ఆ గీత అక్కడే ఉంది. దొరక్కుండా పోయిన ఉత్తరాలు, ఒప్పుకోని తల్లిదండ్రులు ఏవీ అక్కర్లేదు. ఇద్దరూ ఎంత మంచివాళ్ళయినా, ఎంత మనసు విప్పి మాట్లాడుకున్నా ఆ గీత చెరగదు. అందుకే వాళ్ళు కలిసి కూర్చుని అన్నం తింటున్న మామూలు సీన్‌లో కూడా మన గుండెలో ఓ మూల టెన్షన్ ఉంటుంది.

రెండో బలం ఆ ఊరు. ఉత్తర కొరియా నుంచి తప్పించుకుని వచ్చిన ఒకాయన రచన బృందంలో పనిచేశారు. ఆ ఫలితం చిన్న చిన్న వివరాల్లో కనిపిస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసం ఉప్పులో దాచడం, స్నానానికి ప్లాస్టిక్ గుడారం కట్టుకోవడం, కరెంటు పోయి రైలు రాత్రంతా బయళ్ళ మధ్య ఆగిపోతే ప్రయాణికులు మంటలు వేసుకుని కూర్చోవడం. చలికాలానికి కిమ్‌చీ పెట్టుకునే రోజున ఊరి ఆడవాళ్ళంతా ఒకచోట చేరతారు. ఆవకాయ పెట్టే రోజున అత్తలూ పిన్నులూ చేరిన ఇల్లు చూసినవాళ్ళకి ఆ సీన్‌కి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. జంగ్ హ్యోక్ కింద పనిచేసే నలుగురు సైనికులు మరో ప్రాణం. వాళ్ళలో ఒకడు దొంగచాటుగా దక్షిణ కొరియా డ్రామాలు చూసి ఆ యాసంతా ఒంటబట్టించుకున్నవాడు. సే రి మాటలు మిగతావాళ్ళకి వాడే విడమరిచి చెబుతుంటాడు.

ఒక్క సీన్ దగ్గరగా చూపిస్తాను. ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు సే రి సువాసన కొవ్వొత్తి కావాలంటుంది. జంగ్ హ్యోక్‌కి అదేమిటో తెలియదు, మామూలు కొవ్వొత్తులు తెచ్చిస్తాడు. తర్వాత నాలుగో ఎపిసోడ్‌లో, చీకటిపడ్డ బజారులో సే రి దారి తప్పుతుంది. చిన్నప్పుడు తనని సముద్రం ఒడ్డున ఒంటరిగా వదిలేసిన జ్ఞాపకం ఆమెని పట్టేస్తుంది. జనంలో అటూ ఇటూ చూస్తుంటే అందరి తలల మీదుగా ఒక చెయ్యి పైకి లేస్తుంది, అందులో వెలిగించిన కొవ్వొత్తి. ఈసారి సువాసనదే తెచ్చాను, సరైనదేనా అని అడుగుతాడు. ప్రేమిస్తున్నానన్న మాట ఎక్కడా రాదు. అడిగిన వస్తువు గుర్తుపెట్టుకుని, అవసరమైన చోట కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. అక్కడ నేను ఏడ్చాను, ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ఇక లోపాలు. కాకతాళీయాలు మరీ ఎక్కువ. వీళ్ళు అంతకుముందే స్విట్జర్లాండ్‌లో ఒకరికొకరు తెలియకుండా తారసపడ్డారని కథ వెనక్కి వెళ్ళి చెబుతుంది. ఒక్కసారైతే అందంగా ఉండేది, మళ్ళీ మళ్ళీ అదే ముడి వేశారు. కథ సియోల్‌కి చేరాక విలన్ వెంటపడటం, తుపాకులు, ఆసుపత్రి, సే రి అన్నావదినల ఆస్తి తగాదా కలిసి కొన్ని ఎపిసోడ్లని లాగేస్తాయి. వేయించిన చికెన్ దుకాణంలో కూర్చునే సీన్లు ప్రకటనల్లాగే ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద విమర్శ దక్షిణ కొరియాలోనే వచ్చింది. ఉత్తర కొరియాని మరీ ముద్దుగా చూపించారన్నారు. అందులో నిజముంది. భయం, ఆకలి కొద్దిగా కనబడి పక్కకి తప్పుకుంటాయి. రాజకీయ నిజాయితీ ముఖ్యమనుకునేవాళ్ళకి ఇది గుచ్చుకుంటుంది.

కొరియాలో చివరి ఎపిసోడ్‌కి 21.68 శాతం రేటింగ్ వచ్చింది. టీవీఎన్ చానల్‌కి అప్పటికి అదే రికార్డు. దాన్ని దాటింది మళ్ళీ ఇదే రచయిత్రి రాసిన డ్రామా.

## క్వీన్ ఆఫ్ టియర్స్

24.85 శాతంతో ఆ రికార్డు దాటిన డ్రామా ఇదే. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇద్దరికీ మాటల్లేవు. భార్య హాంగ్ హే ఇన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ల సామ్రాజ్యానికి వారసురాలు. భర్త బేక్ హ్యూన్ వూ పల్లెటూరి రైతు బిడ్డ, లాయరు, అత్తవారింట్లో ఉంటున్నాడు. మన భాషలో ఇల్లరికపుటల్లుడు. ఈ ఒక్క మాట తెలిసినందుకే ఈ డ్రామా మనకి ఇంకాస్త దగ్గరవుతుంది. మొదటి ఎపిసోడ్‌లో పెద్దల ఆబ్దికానికి వంటింట్లో వంటలు చేసేది ఆ ఇంటి అల్లుళ్ళు. పెద్ద చదువులు చదివినవాళ్ళు వరసగా నిలబడి పిండివంటలు వేయిస్తుంటారు. ఏళ్ళుగా కోడళ్ళు చేస్తున్న పనిని అల్లుళ్ళ చేత చేయించి చూపడంలో ఎంత చెప్పారో చూడండి.

హ్యూన్ వూ విడాకుల కాగితాలు జేబులో పెట్టుకుని భార్య దగ్గరికి వెళతాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె తన జబ్బు గురించి చెప్పేస్తుంది. అప్పుడు హ్యూన్ వూగా చేసిన కిమ్ సూ హ్యూన్ మొహంలో బాధ, దాని వెనక ఓ ఊరట, ఆ ఊరట వచ్చినందుకు సిగ్గు, మూడూ వరసగా కదులుతాయి. పెళ్ళయినవాళ్ళకి ఆ ఊరట భయపెట్టేంత నిజంగా అనిపిస్తుంది. హే ఇన్‌గా కిమ్ జి వన్ పొగరునీ భయాన్నీ ఒకే గొంతులో పలికించింది.

లోపం కూడా అంతే పెద్దది. చివరి నాలుగు ఎపిసోడ్లలో ఆపరేషన్, జ్ఞాపకం పోవడం, మోసం, కారు ప్రమాదం, కిడ్నాపు, తుపాకీ, అన్నీ వచ్చేస్తాయి. ఒక పెళ్ళి ఎలా ఎండిపోయిందో, మళ్ళీ ఎలా చిగురించిందో అంత ఓపికగా చెప్పిన రచయిత్రికి ఇవేవీ అవసరం లేదనిపించింది. అయినా ఆ మొదటి ఎనిమిది ఎపిసోడ్ల కోసం దీన్ని వదులుకోమని చెప్పలేను. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి ఉంటే మాత్రం ఇప్పుడు వద్దు.

## హోమ్‌టౌన్ చా చా చా

పళ్ళ డాక్టరు యూన్ హే జిన్ సియోల్‌లో అక్కర్లేని వైద్యాలు చేయిస్తున్న పై డాక్టరుతో గొడవపడి ఉద్యోగం వదిలేసి, గోంగ్‌జిన్ అనే సముద్రపు ఊళ్ళో క్లినిక్ పెడుతుంది. ఊరు కల్పితం, షూటింగ్ ఎక్కువగా పోహాంగ్ ప్రాంతంలో జరిగింది. అక్కడ హాంగ్ దు షిక్ అనే అతనికి రాని పని లేదు. ఏ పనైనా గంటకి అప్పట్లో ప్రభుత్వం పెట్టిన కనీస కూలి, అంటే 8,720 వాన్లు (కొరియా డబ్బు) మాత్రమే తీసుకుంటాడు.

ఇక్కడో మాట. దు షిక్ ఊళ్ళో పెద్దాచిన్నా అందరినీ 'నువ్వు' అనే మాట్లాడతాడు. హే జిన్‌ని కూడా పరిచయం కాకుండానే అలాగే పలకరిస్తాడు, ఆమెకి ఒళ్ళు మండుతుంది. కొరియన్‌లో మర్యాద మాటా చనువు మాటా వేరువేరు, అచ్చం మన మీరు, నువ్వులాగే. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో ఈ తేడా మొత్తం ఆవిరైపోతుంది, ఆమెకి కోపం ఎందుకొచ్చిందో అర్థం కాదు. ప్రేమ డ్రామాల్లో ఇద్దరూ 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చే క్షణం ముద్దు సీన్ కన్నా ముఖ్యం. చెవులు అప్పగించి వినండి. వాక్యం చివర 'యో' అన్న శబ్దం మాయమైతే అదే గుర్తు. ఇంకోటి కూడా చెబుతాను. అమ్మాయి ప్రేమికుణ్ణి 'ఒప్పా' అంటే మనవాళ్ళు "అన్నయ్య అంటూ ప్రేమేంటి" అని ఉలిక్కిపడతారు. ఆ మాటకి అన్నయ్య అని అర్థం ఉన్నా, వయసులో పెద్దవాడైన దగ్గరివాణ్ణి ఎవరినైనా అలా పిలుస్తారు.

ఈ డ్రామా ప్రాణం ముగ్గురు ముసలమ్మల్లో ఉంది. గామ్రి బామ్మకి పళ్ళు పాడై నమలలేకపోతుంది. ఖర్చుకి భయపడి, కొడుక్కి చెప్పడం ఇష్టంలేక, కొత్తపళ్ళు వద్దు పీకేయమంటుంది. హే జిన్ విసుక్కుంటుంది. ఆ విసుగు తర్వాత ఆమెనే ఎలా గుచ్చుతుందో చూడాలి. మా పిన్ని కూతురికి రెండోసారి నేను చెప్పింది ఇదే. అత్తగారు ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి చూశారు. ఆ ఎపిసోడ్ అయ్యాక ఆవిడ, తనకీ కుడివైపు దంతం ఆర్నెల్లుగా సలుపుతోందని మొదటిసారి బయటపెట్టారట.

లోపాలు: నెమ్మది, అది మొదటిది. దు షిక్ మొదట్లో హే జిన్‌కి తెగ నీతులు చెబుతాడు, అది కొందరికి నచ్చదు. అతని గతాన్ని చివరి దాకా దాచిపెట్టి ఒక్కసారిగా కుమ్మరించారు. అక్కడ చావు, అపరాధ భావం చాలా బరువుగా వస్తాయి. హాయిగా ఉంటుందని విని కూర్చున్నవాళ్ళకి ఆ మూడు ఎపిసోడ్లు దెబ్బకొడతాయి. ముందే తెలిస్తే తట్టుకోవచ్చు.

## బిజినెస్ ప్రపోజల్

స్నేహితురాలి బదులు పెళ్ళిచూపులకి వెళ్ళిన షిన్ హా రికి ఎదురుగా కూర్చున్నవాడు తను పనిచేసే కంపెనీ అధిపతి. పెళ్ళికొడుకుని పారిపోయేలా చేద్దామని వెళితే అతను పెళ్ళి చేసుకుందామంటాడు. వెబ్ నవల నుంచి వచ్చిన కథ, పన్నెండే ఎపిసోడ్లు, నవ్వుకి కొదవ లేదు. హా రిగా చేసిన కిమ్ సే జంగ్ కంగారు పడితే మనకీ కంగారు పుడుతుంది. రెండో జంట కొన్నిచోట్ల మొదటి జంటని మించిపోతుంది.

కథ పలచన. డబ్బున్న అబ్బాయి, చికెన్ కొట్టు వాళ్ళమ్మాయి, కాదనే తాతయ్య, ఎక్కడా కొత్త లేదు. చివరి ఎపిసోడ్‌లో కథని తోసుకుంటూ ముగించేశారు. అలసిపోయి ఇంటికొచ్చి అరగంట నవ్వుకోవాలంటే ఇంతకన్నా మంచిది చెప్పలేను.

## ట్వంటీఫైవ్ ట్వంటీవన్

1998. ఆర్థిక సంక్షోభంలో స్కూలు ఫెన్సింగ్ (కత్తిసాము) జట్టుని మూసేస్తే, ఆటని వదలనని ఇంకో స్కూలుకి మారే నా హీ దో. అదే సంక్షోభంలో తండ్రి వ్యాపారం కూలి, చదువు ఆగిపోయి, పుస్తకాల అద్దె కొట్టులో పనిచేసే బేక్ యి జిన్. హీ దోగా కిమ్ టే రి నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. హీ దోకీ ప్రత్యర్థి యూ రిమ్‌కీ మధ్య పగ స్నేహంగా మారే కథ, ప్రేమకథ కన్నా గొప్పది.

మొదట్లో ఆమెకి పద్దెనిమిది, అతనికి ఇరవై రెండు. ఆ తేడా కొందరికి ఇబ్బందిగా అనిపించింది. ముగింపు విషయంలో మొదటి ఎపిసోడ్‌లోనే ఓ జాడ వదిలారు. ఈ రోజుల్లో హీ దో కూతురు అమ్మ పాత డైరీ చదవడం మొదలుపెడుతుంది. ఆ పిల్ల ఇంటిపేరు గమనించండి. ప్రేమకథ అంటే చివర కలవాల్సిందే అనుకునేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

## మీరు ఎవరైతే ఏది

అమ్మతో, అత్తగారితో కలిసి చూడాలంటే క్రాష్ ల్యాండింగ్. ఊరి ఆడవాళ్ళ సీన్లు వాళ్ళని కట్టిపడేస్తాయి. ప్రేమకథలంటే పెదవి విరిచే మగవాళ్ళకి కూడా ఇదే, సైనికుల వల్ల.

పెళ్ళయి ఏడెనిమిదేళ్ళయి, ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయనిపిస్తుంటే క్వీన్ ఆఫ్ టియర్స్. పక్కన కూర్చుని చూసే ఓపిక భర్తకి ఉంటే మరీ మంచిది.

ఊరు వదిలి దూరాన ఉద్యోగం చేసుకుంటూ ఇంటిమీద బెంగగా ఉన్నవాళ్ళకి హోమ్‌టౌన్ చా చా చా. రోజుకి ఒక్కటే చూడండి, వరసపెట్టి చూస్తే దాని రుచి పోతుంది.

పరీక్షలున్న పిల్లలకి, వారాంతంలో ముగించాలనుకునేవాళ్ళకి బిజినెస్ ప్రపోజల్. ఏదైనా ఆట ఆడినవాళ్ళకి, డబ్బు ఇబ్బంది వల్ల చదువు మధ్యలో ఆగిన అనుభవం ఉన్నవాళ్ళకి ట్వంటీఫైవ్ ట్వంటీవన్.

క్రాష్ ల్యాండింగ్‌కీ హోమ్‌టౌన్‌కీ మధ్య ఆగిపోయారా? మీకు కథ పరిగెత్తాలంటే మొదటిది, మనుషులు చాలంటే రెండోది.

మొదలుపెట్టే ముందు మీరు చూసే యాప్‌లో ఆడియో, సబ్‌టైటిల్స్ జాబితా ఒకసారి చూసుకోండి. తెలుగు డబ్బింగ్ అన్నిటికీ ఉండదు, ఉన్నచోట పెద్దవాళ్ళకి అదే సుఖం. మీరు ఒక్కరే చూస్తుంటే కొరియన్ ఆడియోలోనే వినండి. ఏది మొదలుపెట్టినా నాలుగో ఎపిసోడ్ దాకా సమయం ఇవ్వండి. క్రాష్ ల్యాండింగ్‌లో ఆ బజారు కొవ్వొత్తి చూశాక కూడా మీలో ఏమీ కదలకపోతే అక్కడే ఆపేసి, హోమ్‌టౌన్ మొదటి ఎపిసోడ్ పెట్టుకోండి.